విమానంలో సామాను తప్పిపోతే: హాల్ దాటక ముందే చేయాల్సిన పనులు

తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాల నుంచి ఉమ్రాకు వెళ్ళేవారికైనా, సౌదీ, దుబాయ్, కువైట్‌లలో పనిచేసుకునేవారికైనా అందుబాటులో ఉన్న అంతర్జాతీయ విమానాశ్రయం చెన్నై. రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి గల్ఫ్ వెళ్ళే సోదరుల్లోనూ చాలామంది చెన్నై మీదుగానో బెంగళూరు మీదుగానో పోయి వస్తుంటారు. టికెట్ కాస్త చవకగా దొరుకుతుందని మధ్యలో బహ్రెయిన్‌లోనో మస్కట్‌లోనో విమానం మారేవారు తక్కువేమీ కాదు. గంట వ్యవధిలో మనం పరుగెత్తుకుంటూ రెండో విమానం ఎక్కేస్తాం. మన పెట్టె మాత్రం ఒక్కోసారి అక్కడే ఉండిపోతుంది.

ఆ పెట్టెలో ఉండేది బట్టలు మాత్రమే కాదు. రెండేళ్ళ తర్వాత ఇంటికి వచ్చే మనిషి పిల్లల కోసం కొన్నవి ఉంటాయి. ఉమ్రాకు వెళ్ళే పెద్దవారి షుగర్, బీపీ మందులు ఉంటాయి. బెల్టు ఆగిపోయి, అందరూ వెళ్ళిపోయాక ఖాళీ ట్రాలీతో నిలబడినప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. కౌంటర్ దగ్గర గట్టిగా పోట్లాడి, ఏ కాగితమూ తీసుకోకుండా బయటికి వస్తారు. లేదా నసీబులో ఇంతే ఉందనుకుని మౌనంగా ఇంటికి వస్తారు. రెండింటి ఫలితమూ ఒకటే. చట్టం ఇచ్చిన హక్కు చేతికి అందకుండా పోతుంది. ఆ హక్కు ఏమిటో, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

చట్టం ఏమంటుంది?

మనం చెక్-ఇన్ చేసిన సామాను విమాన సంస్థ చేతిలో ఒక అమానత్. అది వారి అధీనంలో ఉండగా పోయినా, పాడైనా బాధ్యత వారిదే. అంతర్జాతీయ ప్రయాణాలకు ఈ నియమాన్ని 1999లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఖరారు చేసింది. భారతదేశం 2009లో అందులో చేరింది. మన దేశపు విమాన రవాణా చట్టం (1972)లో కూడా దాన్ని చేర్చారు. సౌదీ, యు.ఎ.ఇ., కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్ దేశాలు కూడా ఈ ఒప్పందంలో ఉన్నాయి. కాబట్టి మన వాళ్ళ గల్ఫ్ ప్రయాణాలన్నిటికీ ఇది వర్తిస్తుంది.

ఈ ఒప్పందంలో మనం గుర్తుంచుకోవలసిన గడువులు మూడు.

మొదటిది 7 రోజులు. పెట్టె వచ్చింది గానీ పగిలి ఉంది, లేదా లోపలి వస్తువులు కొన్ని లేవు. అప్పుడు పెట్టె చేతికి వచ్చిన రోజు నుంచి 7 రోజుల లోపల లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.

రెండోది 21 రోజులు. దీనికి రెండు ఉపయోగాలు ఉన్నాయి. పెట్టె ఆలస్యంగా వస్తే, అది మనకు అందిన రోజు నుంచి 21 రోజుల లోపల ఆలస్యం వల్ల కలిగిన నష్టం గురించి రాసి ఇవ్వాలి. అసలు రాకపోతే, రావలసిన రోజు నుంచి 21 రోజులు గడిచాక అది పోయినట్టుగానే భావించి పరిహారం అడిగే హక్కు మనకు వస్తుంది. ఇంకా వెతుకుతున్నాం, మరికొన్ని నెలలు ఆగండి అని వారు చెప్పినా ఆగనవసరం లేదు.

మూడోది 2 సంవత్సరాలు. కోర్టుకు గాని, వినియోగదారుల కమిషన్‌కు గాని వెళ్ళాలంటే ఈ లోపలే వెళ్ళాలి. ఆ తర్వాత హక్కే ఉండదు.

ఎంత అడగవచ్చు?

ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా నష్టపోతున్నారు. పాత వార్సా ఒప్పందం (1929) ప్రకారం పోయిన సామానుకు బరువును బట్టి, కిలోకు సుమారు 20 డాలర్ల పరిమితి ఉండేది. 23 కిలోల పెట్టెకు 460 డాలర్లు అన్నమాట. మాంట్రియల్ ఒప్పందంలో కిలోల లెక్క లేదు. ఒక్కో ప్రయాణికుడికి ఒక పరిమితి ఉంది. ఆ పరిమితి లోపల మనం నిరూపించగలిగిన నష్టం మొత్తం అడగవచ్చు. ఈ పరిమితిని ఎస్.డి.ఆర్. అనే అంతర్జాతీయ ద్రవ్య నిధి ప్రమాణంలో లెక్కిస్తారు. మొదట 1000 ఎస్.డి.ఆర్.లుగా ఉన్నది, ధరలను బట్టి పెరుగుతూ 2024 డిసెంబర్ 28 నుంచి 1519 అయింది. డాలర్లలో చెప్పాలంటే ఇది రెండు వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది.

అయితే ఇది ఎవరికైనా పూర్తిగా ఇచ్చే మొత్తం కాదు, పై హద్దు మాత్రమే. నష్టం ఎంతో మనం చూపించాలి. ఎవరైనా కిలోల లెక్కన తక్కువ మొత్తం ఇస్తామని, ఇదే పూర్తి చివరి పరిష్కారమని రాసిన కాగితం మీద సంతకం అడిగితే, తొందరపడకండి. ఆ కాగితం చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం చేయండి. ఒకసారి సంతకం చేశాక మిగతాది అడగడం చాలా కష్టం.

ఇంకో సంగతి. పరిమితి మనిషికి ఇంత అని ఉంది, పెట్టెకు ఇంత అని కాదు. గుంపుగా ఉమ్రాకు వెళ్ళేటప్పుడు సౌకర్యంగా ఉంటుందని అందరి పెట్టెలనూ ఒకరి పేరు మీద ఎక్కించడం జరుగుతుంటుంది. ఆ పెట్టెలు పోతే అవి ఎవరివో నిరూపించడం దగ్గర చిక్కు వస్తుంది. ఎవరి పెట్టె ట్యాగు వారి బోర్డింగ్ పాస్‌కే అంటించమని అడగండి.

పెట్టెలో ఉన్నది ఈ పరిమితి కంటే విలువైనదైతే, చెక్-ఇన్ సమయంలోనే విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అదనపు రుసుము అడిగితే కట్టే వీలును కూడా ఒప్పందం ఇచ్చింది. పరదేశాలకు రైఫిళ్ళతో వేటకు వెళ్ళేవారికి, పోటీలకు వెళ్ళే షూటర్లకు ఇలాంటివి బాగా తెలుసు. మన దేశంలో వేట నిషిద్ధం గానీ, లండన్ ఒలింపిక్స్ (2012)లో కాంస్యం గెలిచిన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ వంటి క్రీడాకారులు రైఫిళ్ళతో దేశదేశాలు తిరుగుతారు. రైఫిల్‌ను ప్రయాణికుల క్యాబిన్‌లోకి తేనివ్వరు. తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, ప్రకటించి, విమానం అడుగు భాగంలోకి పంపాలి. దాని తయారీ, నంబరు ముందే కాగితాల మీద ఉంటాయి. అది తప్పిపోతే పోయింది ఏమిటో ఒక్క నిమిషంలో చెప్పగలరు. ఒప్పందం దృష్టిలో ఆ రైఫిల్ పెట్టెకూ, మన సూట్‌కేసుకూ తేడా లేదు. తేడా అంతా మన దగ్గర రుజువు ఉండటంలో, లేకపోవడంలో ఉంది.

బయలుదేరే ముందు

పెట్టె మూసే ముందు లోపలి వస్తువులన్నీ కనిపించేలా ఫోన్‌లో రెండు మూడు ఫొటోలు తీయండి. మూసిన తర్వాత బయటి రంగు, ఆకారం కనిపించేలా ఇంకొకటి తీయండి. ఖరీదైన వస్తువుల బిల్లులను కూడా ఫొటో తీసి, ఇంట్లో ఒకరికి పంపించి ఉంచండి. పెట్టెపైన, లోపల కూడా పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. బయటి చీటీ ఊడిపోయినా లోపలిది ఉంటుంది.

చెక్-ఇన్ దగ్గర ఇచ్చే చిన్న ట్యాగు ముక్కను పారేయకండి. దాని మీద ఉండే 10 అంకెల నంబరే మీ పెట్టె చిరునామా. చివరి విమానాశ్రయం గుర్తు సరిగా ఉందో లేదో అక్కడే చూసుకోండి. జెద్దాకైతే జె.ఇ.డి., మదీనాకైతే ఎం.ఇ.డి., తిరిగి చెన్నైకి వచ్చేటప్పుడు ఎం.ఏ.ఏ. అని ఉండాలి. మధ్యలో విమానం మారే ఊరి గుర్తు మాత్రమే ఉంటే, పెట్టెను అక్కడ మనమే తీసుకుని మళ్ళీ ఇవ్వాలా అని అడిగి తెలుసుకోండి. రెండు విడి టికెట్లతో ప్రయాణించేవారికి ఇది మరీ ముఖ్యం.

కనీసం వారం రోజుల మందులు, డాక్టరు చీటీ, పాస్‌పోర్టు, నగదు, బంగారం ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. ఉమ్రాకు వెళ్ళేవారు నేరుగా జెద్దాలో దిగేటట్లయితే ఇహ్రాం దుస్తులను పెద్ద పెట్టెలో పెట్టకూడదు. విమానం గాలిలో ఉండగానే మీఖాత్ దాటిపోతుంది. ఇహ్రాం చేతి సంచిలో ఉండాలి, లేదా ముందే ధరించి ఉండాలి. ముందుగా మదీనాకు వెళ్ళేవారికి జుల్ హులైఫా దగ్గర ఇహ్రాం ధరించే వీలుంటుంది గానీ, పెట్టె రాకపోతే వారికీ ఇబ్బందే.

బెల్టు దగ్గర

పెట్టె రాలేదని తెలిసిన వెంటనే, హాల్ దాటి బయటికి రాకుండానే, మనల్ని అక్కడికి చేర్చిన చివరి విమాన సంస్థ బ్యాగేజీ కౌంటర్‌కు వెళ్ళండి. అక్కడ ప్రాపర్టీ ఇర్రెగ్యులారిటీ రిపోర్ట్, పొట్టిగా పి.ఐ.ఆర్., నమోదు చేయించండి. దానికి ఒక నంబరు ఇస్తారు. మొదట విమానాశ్రయం గుర్తు, తర్వాత విమాన సంస్థ గుర్తు, చివర అంకెలు ఉంటాయి. ఆ నంబరుతోనే పెట్టె ఎక్కడుందో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. నంబరు లేకుండా, మేమే ఫోన్ చేస్తాం అన్న మాట పట్టుకుని బయటికి రాకండి.

తాళం పగిలి ఉంటే పెట్టెను అక్కడే తూకం వేయించండి. ఎక్కించినప్పటి బరువుకూ దీనికీ తేడా ఉంటే అది రిపోర్టులో రాయించండి. ఇంటికి తీసుకెళ్ళి తెరిచాక చెబితే, పెట్టె మంచి స్థితిలోనే అందిందని వాదించడానికి వారికి అవకాశం దొరుకుతుంది.

చెన్నైలో దిగినప్పుడు ఇంకొక పని ఉంది. సామాను తప్పిపోయినట్టు విమాన సంస్థ దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, దాని మీద కస్టమ్స్ అధికారి సంతకం చేయించాలి. సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితిలో మీరు ఇంకా వాడుకోనిది ఎంతో అందులో రాయించాలి. పెట్టె తర్వాత విడిగా వచ్చినప్పుడు సుంకం దగ్గర ఇబ్బంది రాకుండా ఇది కాపాడుతుంది.

పెట్టె వచ్చేదాకా కొనక తప్పని బట్టలు, మందులు, సబ్బు, చెప్పులు వంటి వాటి బిల్లులు దాచుకోండి. ఆలస్యం వల్ల అయిన న్యాయమైన ఖర్చును విమాన సంస్థను అడగవచ్చు. కొత్త ఫోన్ కొని ఆ బిల్లు పెడితే మాత్రం ఒప్పుకోరు.

ఇంటికి వచ్చాక

పి.ఐ.ఆర్. ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. అది సమాచారం ఇచ్చినట్టే గానీ, పరిహారం అడిగినట్టు కాదు. విమాన సంస్థకు ఈమెయిల్‌లో, వీలైతే రిజిస్టర్డ్ పోస్టులో కూడా, ఒక ఉత్తరం పంపాలి. అందులో పేరు, టికెట్ నంబరు, ప్రయాణ తేదీ, విమానం నంబరు, ట్యాగు నంబరు, పి.ఐ.ఆర్. నంబరు రాయండి. తర్వాత వస్తువుల జాబితా, ఒక్కోదాని విలువ, మొత్తం ఎంత కావాలో స్పష్టంగా రాయండి. ఫొటోలు, బిల్లులు జత చేయండి. బిల్లు లేని వస్తువుకు ఎప్పుడు, ఎక్కడ, ఎంతకు కొన్నారో నిజాయితీగా రాయండి. లేనివి కలిపి రాస్తే ఉన్న వాటినీ నమ్మరు, పైగా అది హరామ్ కూడా.

ఒకే టికెట్ మీద రెండు మూడు సంస్థల విమానాలు మారితే, తప్పు మాది కాదు, వాళ్ళది అని ఒకరి మీద ఒకరు చెప్పుకోవచ్చు. సామాను విషయంలో మొదటి సంస్థనూ, చివరి సంస్థనూ, పెట్టె పోయిన దారిలో నడిపిన సంస్థనూ అడిగే హక్కు ఒప్పందం మనకిచ్చింది. అంటే చెన్నైలో మనల్ని ఎక్కించుకున్న సంస్థ తప్పించుకోలేదు.

జవాబు రాకపోతే పౌర విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. టికెట్ ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. విదేశీ విమాన సంస్థల మీద వినియోగదారుల ఫోరంలు విచారించలేవన్న వాదనను సుప్రీంకోర్టు 2011లో ఒక విదేశీ సరుకు రవాణా విమాన సంస్థ కేసులో తోసిపుచ్చింది. చెన్నైలో మొదలై చెన్నైలో ముగిసే రానుపోను టికెట్ అయితే గమ్యం మన దేశమే అవుతుంది కాబట్టి ఇక్కడి విచారణకు అడ్డు తక్కువ.

ఇదంతా పెద్దవారికి ఒంటరిగా కష్టమే. కౌంటర్‌లో మాట్లాడే ఇంగ్లీషు, ఈమెయిల్, ఆన్‌లైన్ ఫారాలు చాలామందికి రావు. అందుకని ప్రతి ఉమ్రా బృందంలో చదువుకున్న యువకుడు ఒకరు అందరి ట్యాగులనూ, పెట్టెలనూ బయలుదేరే రోజే ఫొటో తీసి ఒకచోట పెట్టుకుంటే ఎంతో మేలు. బెల్టు దగ్గర ఎవరి పెట్టె రాకపోయినా, వారితో పాటు కౌంటర్ దాకా నడిచి పి.ఐ.ఆర్. నంబరు తీసుకునే వరకు నిలబడాలి. ఊరికి వచ్చాక ఆ ఉత్తరం రాసి పంపడానికి ఒక గంట సమయం ఇవ్వాలి.