గని ప్రణాళిక: ఒక విద్య, ఒక వృత్తి

గనుల ఇంజనీరింగు అనిన వెంటనే మన విద్యార్థులలో పెక్కుమందికి సింగరేణి ఉద్యోగమే తలపునకు వచ్చును. అందులో తప్పు లేదు. కాని ఆ శాస్త్రమును బోధించుచు, పరిశోధించుచు కూడ జీవితమును గడపవచ్చునని ఎరిగినవారు అరుదు. ఆ మార్గమును గురించియు, అందు ముఖ్యమైన గని ప్రణాళికను గురించియు ఇచట వివరింపదలచితిమి.

మన నిర్మల్ బొగ్గు ఊరు కాదు. పాత ఆదిలాబాదు జిల్లా పడమటి భాగమున దక్కను నల్లరాయి పరచుకొని యున్నది. బొగ్గునిచ్చు గోండ్వానా శిలలు తూర్పున ప్రాణహిత–గోదావరి లోయలో ఉన్నవి. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్ గనులు 2016 నుండి మంచిర్యాల జిల్లాలోనివి. అయినను బాసరను ఒరసికొని, సోన్ వంతెన క్రిందుగా సాగు గోదావరియే ఆ గనుల చెంతకును చేరుచున్నది.

ఉర్దూలో కాన్ అందురు, తెలుగున గని అందురు, కార్మికులు బాయి అందురు. పేరేదైనను ప్రణాళిక వేయువాని ముందున్న ప్రశ్న ఒక్కటే: ఎంత తీయవలెను, ఎంత విడువవలెను?

భూగర్భ గనులలో చిరకాలముగా నున్న బోర్డు–పిల్లరు పద్ధతిని చూడుడు. బొగ్గు పొరలో నిలువుగను అడ్డముగను సొరంగములు త్రవ్వి, నడుమ స్తంభములను విడుతురు. కప్పును మోయునవి అవియే. సొరంగముల మధ్యరేఖల నడుమ దూరము 40 మీటర్లు, సొరంగపు వెడల్పు 4 మీటర్లు అనుకొందము. అపుడు స్తంభము ఒక్కొక్క వైపు 36 మీటర్లుండును. 40ని 40తో గుణించిన 1600. 36ని 36తో గుణించిన 1296. అనగా నూటికి 81 పాళ్ళ బొగ్గు స్తంభములలోనే నిలిచిపోవును. తొలి దశలో చేతికి వచ్చునది 19 పాళ్ళే!

రెండవ దశలో ఆ స్తంభములను కోసి తీయుదురు. తీసినచోట కప్పు కూలును, పైనేల క్రుంగును. పైన బీడు భూమి యున్నచో తీర్పు ఒక విధము. ఊరో, చెరువో, నదియో యున్నచో వేరొక విధము. అట్టిచోట స్తంభములను శాశ్వతముగా విడువవలెను. లేదా ఇసుకను నీటితో కలిపి గొట్టముల ద్వారా పంపి ఖాళీని నింపవలెను. ఆ ఇసుక దశాబ్దముల తరబడి గోదావరి నుండి వచ్చినది. గనిని నిలుపుటకు నదిని త్రవ్వుట! ఈ చిక్కును తగ్గించుటకే ఓపెన్‌కాస్టు గనుల మట్టి నుండి ఇసుకను వేరుచేసి వాడు పద్ధతిని సింగరేణి చేపట్టినది. ఆ ఇసుక నీటిని ఎంత త్వరగా విడుచును, బరువు పడిన ఎంత అణగును అనునవి ప్రయోగశాలలో తేలవలసిన విషయములు. పరిశోధకుని పని ఇచటనే ఉన్నది.

ఓపెన్‌కాస్టు లెక్క వేరు. టన్ను బొగ్గుకు ఎన్ని ఘనపు మీటర్ల మట్టిరాళ్ళు తొలగించవలెనను అంకె ఆ గనికి జాతకము వంటిది. త్రవ్విన రాయి ఉబ్బును గనుక గోతిని తిరిగి నింపినను కొంత దిబ్బగా మిగులును. పైపొర సారవంతపు మట్టిని వేరుగా దాచనిచో ఆ దిబ్బపై మొక్క నిలుచుట కష్టము. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ మార్గదర్శకముల ప్రకారము ప్రతి బొగ్గు గనికిని మూసివేత ప్రణాళిక ఉండవలెను. అందులకై ఏటేట ప్రత్యేక ఖాతాలో ధనము జమచేయవలెను. మన బొమ్మల పనివారికి పొనికి కర్ర కరవైనచో మరల చెట్టు నాటవచ్చును. బొగ్గును నాటలేము. కనుక నిలకడ గల గని ప్రణాళిక యనగా బొగ్గు నిలుచుట కాదు. బొగ్గు పోయిన పిదప ఆ చోట నీరు, నేల, జీవనోపాధి నిలుచుట అని మా అభిప్రాయము.

ఇక చదువు సంగతి. ఇంటర్మీడియటులో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు, ప్రవేశ పరీక్ష, నాలుగేండ్ల పట్టము. ధన్‌బాద్ విద్యాలయము 1926 నాటిది. మనకు దగ్గరలో కొత్తగూడెమున 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్ ఏర్పడినది. దానినే 2025లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా మార్చిరి. పట్టము పిదప గేట్ పరీక్ష ద్వారా ఎం.టెక్., ఆపై పిహెచ్.డి. అయితే బోధనకు ముందు కొన్ని ఏండ్లు గనిలో పనిచేసి, గనుల భద్రతా శాఖ వారి మేనేజరు యోగ్యతా పత్రమును పొందుట మేలు. కప్పును కర్రతో తట్టి ఆ చప్పుడును పోల్చుట పుస్తకము నేర్పదు. విద్యార్థినులకు ఒక మాట: భూగర్భ గనులలో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు స్త్రీలను నియమించుటకు 2019 నుండి అనుమతి కలదు.

కళాశాల కమిటీ వారు ఇంటర్ విద్యార్థులకు మంచిర్యాల ప్రాంతమునకు ఒక విజ్ఞాన యాత్ర ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. గని యాజమాన్యపు అనుమతి ముందుగా పొందవలసి యుండును. బొగ్గు తీయుచున్న చోటును మాత్రమే గాక, తీయుట ముగిసి మొక్కలు నాటిన దిబ్బను కూడ చూపింపవలెను.