సొరచేప గ్రంథం: మూలం, టీకా, తాత్పర్యం

డీఎన్ఏ అక్షరాలను వరసగా చదివితే చేతికొచ్చేది మూలం మాత్రమే. అందులో ఏ ముక్క జన్యువు, దాని పనేమిటి అని గుర్తించి పక్కన రాసుకుంటేనే టీకా తయారవుతుంది. కొన్ని సొరలకూ వాటి చుట్టాలకూ ఈ పని జరిగింది. అందులో బయటపడ్డ వింతలివి.

అతి నిదానం

తొండంలాంటి ముక్కున్న ‘ఏనుగు సొర’ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోనూ, న్యూజిలాండ్ దగ్గరా ఉంటుంది. నిజానికిది సొర కాదు, సొరలకు దూరపు బంధువు. మృదులాస్థి చేపల్లో జన్యుక్రమం మొదట చదివింది దీనిదే. సింగపూర్‌లోని బైరప్ప వెంకటేశ్ బృందం 2014లో దాన్ని ప్రచురించింది. ‘సజీవ శిలాజం’గా పేరుపడ్డ సీలకాంత్ చేప కన్నా ఇది నెమ్మదిగా మారుతూ వచ్చిందని తేలింది.

లేని అధ్యాయం

సొర పుట్టు చేసేవాళ్లకు ముళ్లు ఏరే బాధ ఉండదు. సొరల అస్థిపంజరమంతా మృదులాస్థే. ఎందుకో ఏనుగు సొర గ్రంథం చెప్పింది: ఎముక గట్టిపడటానికి తోడ్పడే ఒక జన్యు కుటుంబం అందులో లేనే లేదు. జీబ్రా చేపలో ఆ కుటుంబానికి చెందిన ఒక జన్యువును అణచి చూస్తే ఎముక సరిగా ఏర్పడలేదు.

లావు పుస్తకం

మనిషి గ్రంథం సుమారు 310 కోట్ల అక్షరాలు. పెద్ద తెల్ల సొరది 463 కోట్లు, జపాన్ పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక పిల్లి సొరది సుమారు 670 కోట్లు. అలాగని జన్యువులు రెట్టింపేమీ కాదు. తెల్ల సొరకు దాదాపు 24,500, మనకు సుమారు 20,000. పుటలు పెంచింది పదేపదే వచ్చే పునరుక్తులే.

దీర్ఘాయువు

కంటి కటకంలోని రేడియో కార్బన్‌ను బట్టి ఒక గ్రీన్‌లాండ్ సొర వయసును 2016లో 392 ఏళ్లుగా అంచనా వేశారు. 120 ఏళ్లు అటూ ఇటూ కావచ్చు. తక్కువలో తక్కువ లెక్కేసినా 272. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత ఆయుష్షు మరి దేనికీ లేదు. దాని గ్రంథంలో 70 శాతానికి పైగా పునరుక్తులే. అయితే డీఎన్ఏ మరమ్మతు చేసే జన్యువుల్లో కొన్నిటికి అదనపు నకళ్లు కూడా కనిపించాయి.

రేచీకటి వరమైన చోట

చేపలన్నిటిలోకీ పెద్దదైన తిమింగల సొర 1,900 మీటర్ల లోతుకు కూడా దిగుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే రొడాప్సిన్ అనే ప్రోటీన్ దీనికి లోతు నీటి నీలి కాంతికి తగ్గట్టు మారింది. ఆ మార్పుల్లో ఒకటి, మనిషిలో జరిగితే పుట్టు రేచీకటి తెచ్చే స్థానంలోనే ఉంది. వేడికి ఆ ప్రోటీన్ నిలవదు. అడుగున చలి కాబట్టి సొరకు ఇబ్బంది లేదు.

తప్పులు అతి తక్కువ

ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో రెక్కల మీద ‘నడిచే’ ఎపాలెట్ సొరల తల్లిదండ్రుల, పిల్లల జన్యుక్రమాలను పోల్చి 2024లో లెక్క తేల్చారు. తరానికి వంద కోట్ల అక్షరాల్లో ఒక్కటైనా నిండుగా మారడం లేదు, సగటు 0.7. మనిషిలో సుమారు 12. అప్పటిదాకా కొలిచిన వెన్నెముక జీవులన్నిటిలోకీ ఇదే తక్కువ. అంత శ్రద్ధగల లేఖకుడికి ఒక నష్టమూ ఉంది: తప్పులు దొర్లకపోతే కొత్త పాఠాలూ పుట్టవు. వేటతో తగ్గిపోయే సొరలు మారుతున్న సముద్రానికి తగ్గట్టు మారాలంటే, ఆ కొత్త పాఠాలే కావాలి.