కోట ద్వారంలో మనిషి ముఖం

గోలకొండ వంటి పాత కోటలకు వెళ్లినవారు రాతి కమానుల కింద మిత్రులను నిలబెట్టి ఛాయాచిత్రాలు తీయడం పరిపాటి. కంటికి ఆ దృశ్యం రమ్యంగానే ఉంటుంది. కాని చిత్రంలో ముఖం మసిబారినట్లుంటుంది. ముఖం బాగా వస్తే వెనుకనున్న ఆకాశమూ, బురుజులూ తెల్లగా వెలిసిపోతాయి. ఇందుకు కారణమేమి?

మధ్యాహ్నపు టెండలో నేలపై పడే కాంతి సుమారు 1,00,000 లక్సులు. కమాను లోపలి భాగంలో అది 200 లక్సులకు తగ్గవచ్చును. అనగా 500 రెట్ల భేదం! మన కన్ను చూపు మరల్చినప్పుడెల్లా వెలుతురుకు తగినట్లు సవరించుకొంటుంది. మెదడు ఆ చూపులన్నిటిని ఒకే దృశ్యంగా కూర్చుతుంది. కెమెరా సాధారణంగా ఒకే కొలతతో దృశ్యమంతటిని గ్రహించవలెను. నేటి ఫోన్లు కొన్ని చిత్రాలను కలిపి ఈ లోపాన్ని కొంత సవరిస్తాయి గాని, పూర్తిగా తొలగించలేవు.

కెమెరాలోని కాంతిమాపకం దృశ్యం సగటున మధ్యరకపు బూడిదవర్ణంలో ఉన్నదని భావిస్తుంది. వెనుక ఆకాశం మెరుస్తూంటే అది మొత్తం కాంతిని తగ్గించివేస్తుంది, ముఖం నల్లబడుతుంది. చామనఛాయ గలవారికి ఈ నష్టం మరీ ఎక్కువ. చిత్రమంతా ముఖమే నిండితే ఇందుకు విరుద్ధంగా, ఆ ముఖాన్ని ఉన్నదానికన్న తెల్లగా చూపుతుంది. రెండూ అసత్యాలే. లోపం మనిషి రంగులో లేదు, కొలతలో ఉన్నది. కనుక ఫోను తెరపై ముఖాన్ని తాకి, కాంతిని ముఖానికి సరిపడునట్లు హెచ్చించవలెను, లేదా తగ్గించవలెను.

ఇక మనిషిని ఎక్కడ నిలపవలెను? సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ కోణంలోనే కనిపిస్తుంది. అందువల్ల నేరుటెండలో ముక్కు నీడ, కనుబొమల నీడ కత్తితో గీసినట్లు పడతాయి. 2 మీటర్ల వెడల్పుగల ద్వారానికి 2 మీటర్ల లోపల నిలబడినవారికి ఆ ద్వారం సుమారు 50 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది. ఎండ నేరుగా పడని వేళ ఆకాశపు వెలుగు ఆ ద్వారమంతటి నుండి వచ్చి ముఖాన్ని ఆవరిస్తుంది. నీడల అంచులు మెత్తబడతాయి. ద్వారం ఒక ప్రక్కన ఉండునట్లు నిలిపి, రెండవ ప్రక్కన తెల్లని పంచె పట్టుకొంటే చాలు. అది వెలుగును చీకటి చెంపపైకి మరలిస్తుంది.

దూరం సంగతి కూడ మరువరాదు. ముక్కు కొన నుండి చెవికి సుమారు 12 సెంటీమీటర్లనుకొందాం. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 42 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. చెవితో పోలిస్తే ముక్కు 1.4 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఒకటిన్నర మీటరు దూరానికి వెనుకకు జరిగితే ఆ నిష్పత్తి 1.08 మాత్రమే. ముఖం సహజంగా ఉంటుంది. కమాను కూడ చిత్రంలో ఇముడుతుంది.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాలలోనే చేసి చూపవచ్చును. ఒక విద్యార్థిని, అతని సమ్మతితో, తరగతి గది తలుపుకు 1, 2, 4 మీటర్ల దూరాలలో వరుసగా నిలిపి చిత్రాలు తీయించండి. ప్రతి చోట ఒకసారి తెల్లబట్టతో, ఒకసారి లేకుండా తీయించండి. ఆరు చిత్రాలను ప్రక్కప్రక్కన పెట్టి, ఏది ఆ విద్యార్థిని ఉన్నదున్నట్లు చూపుతున్నదో, ఎందుకు చూపుతున్నదో తరగతినే చెప్పనివ్వండి.