మొబైల్ సిగ్నల్ బూస్టర్: పనితీరు, పరిమితులు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• భవనాల లోపల సిగ్నల్ ఎందుకు తగ్గుతుందో చెప్పగలుగుతారు.
• బూస్టర్‌లోని భాగాలను, వాటి పనిని వివరించగలుగుతారు.
• డెసిబెల్‌లలో సులభమైన లెక్క చేయగలుగుతారు.
• అనుమతి లేని బూస్టర్ వల్ల ఇతరులకు కలిగే నష్టాన్ని గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మేడ మీద ఫోనులో మాట స్పష్టంగా వినిపిస్తుంది. కింది గదిలోకి రాగానే తెగిపోతుంది. టవరు అదే, ఫోను అదే. మారింది మధ్యలోని అడ్డు మాత్రమే. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబుల గుండా వెళ్లేటప్పుడు రేడియో తరంగాలు కొంత శక్తిని కోల్పోతాయి. రేకుల కప్పు, లోహపు పూత ఉన్న అద్దాలు వాటిని చాలావరకు వెనక్కి పంపుతాయి. సాధారణంగా పౌనఃపున్యం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. కాబట్టి 900 మెగాహెర్ట్‌జ్ సిగ్నల్ అందే గదిలో 2300 మెగాహెర్ట్‌జ్ సిగ్నల్ అందకపోవచ్చు.

2. సిగ్నల్ బలాన్ని కొలవడం

సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చెబుతారు. 1 మిల్లీవాటు సామర్థ్యాన్ని 0 డీబీఎంగా తీసుకుంటారు. ప్రతి 10 డెసిబెల్‌ల తగ్గుదలకు సామర్థ్యం పదో వంతు అవుతుంది. ఫోనుకు అందేది మిల్లీవాటులో అతి స్వల్ప భాగం కనుక విలువలు రుణ సంఖ్యలుగా ఉంటాయి. −75 డీబీఎం మంచి సిగ్నల్, −110 బలహీనమైనది. తేడా 35 డెసిబెల్‌లే అయినా సామర్థ్యంలో అది సుమారు 3,000 రెట్లు.

3. బూస్టర్‌లోని భాగాలు

అ) బయటి యాంటెన్నా: మేడ మీద టవరు వైపు తిప్పి బిగిస్తారు.
ఆ) యాంప్లిఫయర్: కేబుల్ ద్వారా వచ్చిన సిగ్నల్‌ను పెంచుతుంది.
ఇ) లోపలి యాంటెన్నా: పెరిగిన సిగ్నల్‌ను గదిలో ప్రసరింపజేస్తుంది.

ఫోను వినడమే కాదు, మాట్లాడుతుంది కూడా. అందువల్ల బూస్టర్ రెండు దిశల్లోనూ పనిచేయాలి. ఉదాహరణకు 900 బ్యాండులో ఫోను నుంచి టవరుకు 890–915 మెగాహెర్ట్‌జ్, టవరు నుంచి ఫోనుకు 935–960 మెగాహెర్ట్‌జ్ వాడతారు. ఈ రెండు దారులు కలిసిపోకుండా ఫిల్టర్లు వేరుచేస్తాయి.

4. ఒక ఉదాహరణ

ఒక సెల్లార్ ఆఫీసులో సిగ్నల్ −110, మేడ మీద −75 డీబీఎం ఉన్నాయనుకుందాం. బయటి యాంటెన్నా 10 డెసిబెల్‌లు కలుపుతుంది. కేబుల్ 5 తగ్గిస్తుంది. యాంప్లిఫయర్ 60 పెంచుతుంది.

−75 + 10 − 5 + 60 = −10 డీబీఎం

లోపలి యాంటెన్నా నుంచి 10 మీటర్ల దూరంలోని ఫోనుకు చేరేసరికి, మధ్యలో అడ్డు లేకపోతే, 900 మెగాహెర్ట్‌జ్ వద్ద సుమారు 52 డెసిబెల్‌లు తగ్గుతాయి. అంటే ఫోనుకు −62 డీబీఎం అందుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బూస్టర్ సిగ్నల్‌ను సృష్టించదు. బయట ఉన్నదాన్ని లోపలికి తెస్తుంది. మేడ మీద కూడా సిగ్నల్ లేకపోతే అది రొదనే పెంచుతుంది. టవరు మీద రద్దీ ఎక్కువై నెట్ నెమ్మదించినప్పుడు కూడా బూస్టర్ వల్ల ప్రయోజనం ఉండదు.

5. ఇతరులకు కలిగే నష్టం

మైకును స్పీకరు దగ్గరికి తెస్తే కూత వస్తుంది. అదే విధంగా లోపలి యాంటెన్నా నుంచి వెలువడిన సిగ్నల్ బయటి యాంటెన్నాకు చేరితే, బూస్టర్ దాన్నే మళ్లీ మళ్లీ పెంచుతుంది. దీన్ని డోలనం అంటారు. దీన్ని నివారించాలంటే రెండు యాంటెన్నాల మధ్య సిగ్నల్ తగ్గుదల, యాంప్లిఫయర్ పెంపు కంటే తగినంత ఎక్కువగా ఉండాలి. అందుకే వాటి మధ్య దూరమో, శ్లాబో ఉంచుతారు.

డోలనం లేకున్నా నాసిరకం బూస్టర్ టవరు వైపు రొదను పంపుతూనే ఉంటుంది. తిరునాళ్లలో మైకు పక్కన నిలబడిన వారికి దూరాన పిలిచే పిల్లవాడి గొంతు వినబడనట్లే, టవరుకు దూరపు ఫోన్ల సిగ్నల్ అందదు. ఒక ఇంటిలోని పరికరం వల్ల పక్క వీధిలో 108కి చేసిన కాల్ కలవకపోవచ్చు. ఫోను చేసినవారికి కారణం కూడా తెలియదు.

6. చట్టం, ప్రత్యామ్నాయాలు

లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరాలు కలిగి ఉండడాన్ని 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నేరంగా పరిగణించింది. లైసెన్సు పొందిన టెలికాం సంస్థలు తప్ప ఇతరులు బూస్టర్లను కలిగి ఉండడం, అమ్మడం, వాడడం చట్టవిరుద్ధమని టెలికమ్యూనికేషన్ల శాఖ 2022లో స్పష్టం చేసింది. దుకాణంలో దొరికినంత మాత్రాన అనుమతి ఉన్నట్లు కాదు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ వాడవచ్చు. పెద్ద భవనాల్లో ఏర్పాట్లకు మొబైల్ సంస్థనే కోరాలి.

సారాంశం

బూస్టర్ బయటి సిగ్నల్‌ను రెండు దిశల్లో పెంచే పరికరం. దాని ప్రయోజనం బయట ఎంత సిగ్నల్ ఉందన్న దానిపై ఆధారపడుతుంది. సరిగా అమర్చని పరికరం ఆ పరిసరాల్లోని అందరి ఫోన్లకూ ఆటంకం కలిగిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డోలనం అంటే ఏమిటి? దాన్ని ఎలా నివారిస్తారు?
2. మేడ మీద −85 డీబీఎం, యాంటెన్నా 8, కేబుల్ నష్టం 3, యాంప్లిఫయర్ పెంపు 60, గదిలో నష్టం 52 డెసిబెల్‌లు. ఫోనుకు అందే సిగ్నల్ ఎంత? (జవాబు: −72 డీబీఎం)