సిల్వరు గిన్నె ఎక్కడికి పోతుంది?

"పాత ఇనప సామాన్లు కొంటాం! పాత పేపర్లు కొంటాం!" సికింద్రాబాదు వీధుల్లో ఈ కేక వినని వాళ్ళుండరు. ఆ తోపుడు బండి మీద త్రాసు, గోనెసంచులతోబాటు ఒక్కోసారి ఒక అయస్కాంతం కూడా ఉంటుంది. ఇనుము దానికి అంటుకుంటుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం అంటుకోవు. అంటుకోని వాటికే ధర ఎక్కువ!

మనం అమ్మిన సొట్టల సిల్వరు గిన్నె సంగతి చూద్దాం. (పేరుకే సిల్వరు. అందులో వెండి రవ్వంతైనా లేదు, అంతా అల్యూమినియమే.) ఈ లోహం గనిలో ఆక్సిజనుతో గట్టిగా పెనవేసుకుని ఉంటుంది. బాక్సైటు ఖనిజం నుంచి ముందు అల్యూమినా తీసి, దానిని కరిగిన క్రయొలైటులో కలిపి, విద్యుత్తు పంపితేగాని అది విడిరాదు. కిలో లోహానికి సుమారు 14 యూనిట్ల కరెంటు కావాలి. మరి పాత గిన్నెలో ఆ విడదీసే పని ఎప్పుడో అయిపోయింది కదా! 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరిగించి పోతపోస్తే చాలు. ఖర్చయ్యే శక్తి దాదాపు ఇరవయ్యో వంతే.

కాగితానికి ఇంత అదృష్టం లేదు. గుజ్జు చేసిన ప్రతిసారీ దాని పీచు పొట్టిదవుతుంది. అందుకే పాత నోటుపుస్తకం తరచు అట్టపెట్టెగా మారుతుంది.

అసలు కరిగించే పనే లేకపోతే ఇంకా లాభం. చిల్లుకు మాటు వేయించిన బిందె, పై తరగతికి వెళ్ళిన అక్క పుస్తకాలు, తమ్ముడికి పొట్టి అయిన చొక్కా మరో ఇంటికి చేరితే కొలిమితో పనేముంది? జంటనగరమైన హైదరాబాదులో, పురానాపూల్ దగ్గర, గురువారాల్లో సాగే జుమ్మేరాత్ బజారులో పాత సామాన్లు ఇలాగే చేతులు మారుతాయి.

కరెంటు తీగల దగ్గర మాత్రం ఈ కథ అడ్డం తిరుగుతుంది. లోపలి రాగి కోసం కొన్నిచోట్ల వాటిని మంటలో వేస్తారు. పైతొడుగు పి.వి.సి. ప్లాస్టిక్కు, అందులో క్లోరిన్ ఉంది. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడు వాయువు, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. వాటిని ముందుగా పీల్చేది మంట పక్కన నిలబడ్డ కూలివాడే. తొడుగును యంత్రంతో ఒలిస్తే అదే రాగి, పొగ లేకుండా వస్తుంది.

ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై మన దేశంలో 2011లో నియమాలు వచ్చాయి. 2022లో చేసిన కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. ఈ పనిని నమోదైన సంస్థలే చేయాలి. కనుక పాత ఫోనును బండిలో వేసేముందు, అమ్మిన కంపెనీ తిరిగి తీసుకుంటుందేమో అడిగించండి. ఉబ్బిన బాటరీని నొక్కకండి, గోనెసంచిలో వేయకండి. లోపలి లిథియం బాటరీ చితికితే దానంతటదే అంటుకోగలదు.