హార్డ్ డిస్క్‌ను నిద్రపుచ్చడం మంచిదేనా? మేల్కొలుపుల లెక్క చూడాలి

ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఎవరూ ఏ ఫైలూ తెరవని వేళల్లోనూ హార్డ్ డిస్క్ తిరుగుతూనే ఉంటుంది. లోపలి పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటే, సమాచారాన్ని చదివే హెడ్లు వాటి ఉపరితలానికి కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంటాయి. రాత్రింబగళ్లు కంప్యూటర్ నడిచే ఇళ్లలో ఇలా ఊరికే తిరగడం వల్ల విద్యుత్తు వృథా అవుతుందని, డిస్క్ అరిగిపోతుందని కొందరు భావిస్తారు. పదే పదే ఆపి మొదలుపెడితేనే అది త్వరగా పాడవుతుందని మరికొందరు వాదిస్తారు. రెండింటిలోనూ కొంత నిజముంది. ఎవరి ఇంటికి ఏది వర్తిస్తుందన్నది ఆ డిస్క్ రోజుకు ఎన్నిసార్లు నిద్ర లేస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా ఒక మాట విషయం. 'స్పిన్ డౌన్' అనే ఈ ప్రక్రియను తెలుగులో 'డిస్క్ ఆగిపోవడం' అంటే, అది చెడిపోయిందన్న అర్థమే మొదట స్ఫురిస్తుంది. 'నిద్రపుచ్చడం' అన్న మాట దీనికి బాగా నప్పుతుంది. ఎందుకంటే విద్యుత్ సరఫరా తెగిపోదు. డిస్క్ సర్క్యూట్ బోర్డు మెలకువగానే ఉండి కంప్యూటర్ పిలుపు కోసం వేచి చూస్తుంది. ఆగేది మోటారు మాత్రమే. అది ఆగే ముందే హెడ్లు పళ్లేల మీది నుంచి పక్కకు జరిగి, ర్యాంపు అనే చిన్న వాలుపై చేరతాయి. పాతకాలపు డిస్కుల్లో ర్యాంపు ఉండేది కాదు. హెడ్లు పళ్లెం మీదనే ప్రత్యేకంగా కేటాయించిన చోట దిగేవి. ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ రాపిడి తప్పేది కాదు. డిస్క్‌ను మాటిమాటికీ ఆపవద్దన్న పాత సలహా కొంతవరకు అక్కడి నుంచే వచ్చింది.

ఆదా ఎంత? 3.5 అంగుళాల డిస్క్ ఖాళీగా తిరిగేటప్పుడు సాధారణంగా 4 నుంచి 8 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. నిద్రలో 1 వాట్ అటూ ఇటూగా సరిపెట్టుకుంటుంది. 5 వాట్లు మిగిలాయని, రోజుకు 20 గంటలు నిద్రలో ఉందని అనుకుంటే ఏడాదికి 36.5 యూనిట్లు. యూనిట్ 6 రూపాయల చొప్పున 219 రూపాయలు. ఒక్క డిస్క్ ఉన్న ఇంటికి ఇది పెద్ద మొత్తమేమీ కాదు. నాలుగైదు డిస్కుల్లో ఫొటోలు, సినిమాలు దాచుకుని చిన్న సర్వర్ నడిపేవారికి మాత్రం లెక్కలోకి తీసుకోదగినదే. పడకగదిలో కంప్యూటర్ ఉన్నవారికి రాత్రి నిశ్శబ్దమే అసలు లాభం కావచ్చు.

నిద్ర లేచే ఘడియ డిస్క్‌కు అన్నిటికంటే భారమైనది. ఆగి ఉన్న పళ్లేలను పూర్తి వేగానికి తేవడానికి మోటారు కొన్ని సెకన్ల పాటు 20 వాట్లకు పైగా లాగవచ్చు. అయితే ఆ అదనపు ఖర్చు సుమారు ఒక నిమిషం నిద్రతోనే తిరిగి వచ్చేస్తుంది. కనుక విద్యుత్తు కంటే అరుగుదల గురించే ఆలోచించాలి.

హెడ్లు ర్యాంపు ఎక్కి దిగే సంఖ్యకు తయారీ సంస్థలు ఒక పరిమితిని ప్రకటిస్తాయి. చాలా డిస్కులకు అది 3 లక్షలు లేదా 6 లక్షలు. రోజుకు 10 సార్లు నిద్ర లేచే డిస్క్ ఏడాదికి 3,650 సార్లు మాత్రమే లేస్తుంది. 3 లక్షలకు చేరాలంటే 80 ఏళ్లు దాటాలి. అదే ప్రతి 5 నిమిషాలకు ఒకసారి లేస్తే రోజుకు 288, ఏడాదికి లక్షకు పైనే. మూడేళ్లు నిండకుండానే పరిమితి దాటిపోతుంది. పరిమితి దాటిన మరునాడే డిస్క్ చెడిపోదు కానీ, ఆ అరుగుదల వల్ల దక్కే ప్రయోజనం కూడా ఏమీ లేదు.

గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో వెలువరించిన పత్రం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. రెండేళ్ల లోపు డిస్కుల్లో, ఎన్నిసార్లు ఆపి మొదలుపెట్టారన్న దానికీ చెడిపోవడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. మూడేళ్లు దాటినవాటిలో మాత్రం వైఫల్యాల రేటు 2 శాతానికి పైగా పెరిగింది. ఇబ్బంది పెడుతున్న యంత్రాలనే మరమ్మతుల కోసం పదే పదే ఆపి ఉండవచ్చని, అంటే ఇది కారణం కాక ఫలితం కావచ్చని కూడా వారే హెచ్చరించారు. పైగా అవి సర్వర్లలో పనిచేసిన డిస్కులు. ఇంటి వాడకానికి యథాతథంగా అన్వయించలేం.

విండోస్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఈ వ్యవధిని నిమిషాల్లో నిర్ణయించవచ్చు. మ్యాక్‌లో వీలైనప్పుడు డిస్కులను నిద్రపుచ్చే ఎంపిక ఒకటి ఉంటుంది. లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే సాధనం ఉంది కానీ, దాని అంకెలు తికమక పెడతాయి: 240 వరకు ఒక్కో అంకెకు 5 సెకన్లు, 241 నుంచి లెక్క అరగంటల్లోకి మారుతుంది. అంటే 240 ఇస్తే 20 నిమిషాలు, 241 ఇస్తే 30 నిమిషాలు, 242 ఇస్తే గంట.

వ్యవధి నిర్ణయించాక ఒక వారం ఆగి ఫలితం చూడాలి. ప్రతి డిస్క్ తన మేల్కొలుపులను తానే లెక్కపెట్టుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రామ్‌లో 'స్టార్ట్/స్టాప్ కౌంట్', 'లోడ్ సైకిల్ కౌంట్' అనే వరుసల్లో అది కనిపిస్తుంది. రోజుకు నాలుగైదు పెరిగితే నిశ్చింతగా ఉండవచ్చు. పదుల సంఖ్యలో పెరుగుతుంటే వ్యవధిని గంటకు పెంచడమో, డిస్క్‌ను లేపుతున్నదెవరో వెతకడమో చేయాలి. యాంటీవైరస్, ఫైళ్ల సూచిక తయారుచేసే సేవ, లాగ్ రాసే ప్రోగ్రామ్‌లు తరచుగా దొరికే దోషులు. డిస్క్ ఆరోగ్యాన్ని కనిపెట్టే ప్రోగ్రామే దాని నిద్ర చెడగొట్టిన సందర్భాలూ లేకపోలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ ఎలాగూ ఎక్కువసేపు నిద్రపోదు. దాన్ని వదిలేసి, బ్యాకప్‌ల వంటి వాటికి వాడే రెండో డిస్క్‌కే ఈ ఏర్పాటు చేయడం మేలు. ఎస్‌ఎస్‌డీలలో మోటారే లేదు కనుక వాటికి ఇది వర్తించదు.

విద్యుత్ కోతలున్న చోట నిద్రకు మరో ప్రయోజనం ఉంది. తిరుగుతున్న డిస్క్‌కు హఠాత్తుగా సరఫరా ఆగితే, పళ్లేల గిరక వేగంలో మిగిలిన శక్తితోనే హెడ్లను అత్యవసరంగా వెనక్కి లాగుతుంది. మామూలుగా పక్కకు జరపడం కంటే ఇది మోటుగా సాగుతుంది. నిద్రలో ఉన్న డిస్క్ హెడ్లు అప్పటికే ర్యాంపుపై భద్రంగా ఉంటాయి.

నిద్రలో ఉన్న డిస్క్‌లోని ఫోల్డర్‌ను తెరిస్తే కంప్యూటర్ 5 నుంచి 15 సెకన్ల దాకా స్తంభించినట్లు అనిపించవచ్చు. ఆ సమయంలో పవర్ బటన్ నొక్కకూడదు. అయితే లేచేటప్పుడు టక్‌టక్‌మని ఒకే శబ్దం పదే పదే వినిపిస్తున్నా, ఒక ప్రయత్నంలో తిరగలేకపోతున్నా అది నిద్ర మత్తు కాదు. అలాంటి డిస్క్ మరోసారి పడుకుంటే లేవకపోవచ్చు. వెంటనే నిద్ర వ్యవధిని రద్దు చేసి, తిరుగుతుండగానే అందులోని ఫొటోలు, పత్రాలను మరో డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి.