చదవని ఉపన్యాసం, చదవవలసిన పుస్తకం



తత్వం, రాజకీయం, మతం, సంఘనీతి అనే మాటలు వినగానే, అవి పండితుల పుస్తకాలు, మనకెందుకులే అని మనలో చాలామందిమి పక్కకు తప్పుకుంటాం. నవల దొరికితే దీపం ఆర్పకుండా చదువుతాం. విచార గ్రంథం మాత్రం అటకెక్కి కూర్చుంటుంది. ఆ భయం పోగొట్టుకోవడానికి ఈ రోజు ఒక చిన్న పుస్తకం సంగతి చెప్పుకుందాం. అది పుస్తకంగా పుట్టలేదు. సభలో చదవడానికి రాసిన ఉపన్యాసం. తీరా ఆ సభే జరగలేదు. అదే డాక్టర్ అంబేడ్కర్ రాసిన 'కుల నిర్మూలన'.

లాహోరులో జాత్ పాత్ తోడక్ మండల్ అనే సంఘం ఉండేది. కులాన్ని తెంచే సంఘం అని ఆ పేరుకు అర్థం. ఆర్యసమాజ భావాలున్న సంస్కర్తలు 1922లో దానిని స్థాపించారు. వారిలో సంత్ రామ్ ముఖ్యుడు. తమ వార్షిక సభకు అధ్యక్షత వహించవలసిందని 1935 డిసెంబరులో ఆయన అంబేడ్కర్‌కు ఉత్తరం రాశారు. అంతకు రెండు నెలల ముందే, నాసిక్ జిల్లాలోని యేవలాలో, తాను హిందువుగా పుట్టినా హిందువుగా చనిపోనని అంబేడ్కర్ ప్రకటించి ఉన్నారు. అయినా పిలిచారు, ఆయన ఒప్పుకున్నారు.

చిక్కు ఉపన్యాసం చేతికందాక వచ్చింది. వేదశాస్త్రాల ప్రామాణ్యాన్ని ప్రశ్నించే భాగాలు, హిందూమతాన్ని విడిచిపెడతానన్న మాటలు తీసెయ్యమని మండలి వారు కోరారు. ఒక్క కామా కూడా మార్చనని అంబేడ్కర్ 1936 ఏప్రిల్‌లో జవాబు రాశారు. సభ రద్దయింది. ఆయన తన సొంత ఖర్చుతో ఉపన్యాసాన్ని అచ్చు వేయించారు. వెల ఎనిమిది అణాలు, అంటే అర్ధరూపాయి. 1500 ప్రతులు రెండు నెలల్లో చెల్లిపోయాయి. 1937లో రెండో ముద్రణ వచ్చేనాటికే గుజరాతీలోకి, తమిళంలోకి అనువాదమైంది. చెవుల కోసం రాసిన మాటలు కళ్లలోంచి ఎక్కువమందికి చేరాయి.

ఇంతకీ అందులో ఏముంది? మొదటిది రాజకీయం. ముందు స్వరాజ్యం రానివ్వండి, సంఘ సంస్కరణ తరవాత చూసుకుందాం అనేవాళ్లు ఆ రోజుల్లో చాలామంది. తోటి మనిషిని బావి దగ్గరకు రానివ్వనివాడు, వీధిలో నడవనివ్వనివాడు రాజ్యాధికారానికి ఎలా తగుతాడని అంబేడ్కర్ ప్రశ్న. ఆస్తి సమానమైతే అన్నీ సర్దుకుంటాయన్న సామ్యవాదులనూ ఆయన వదలలేదు. విప్లవం తరవాత కూడా తనను సమానంగా చూస్తారన్న నమ్మకం లేనివాడు మీతో కలిసి ఎందుకు నడుస్తాడని అడిగారు.

రెండోది సంఘనీతి. కులం అంటే శ్రమ విభజన అని చాలామంది సమర్థిస్తారు. కమ్మరి పని కమ్మరిది, కుమ్మరి పని కుమ్మరిది అంటారు. అంబేడ్కర్ ఇక్కడ ఒక తేడా చూపిస్తారు. ఇది పనిని పంచడం కాదు, పనిచేసే మనుషులనే విడదీసి మెట్ల మీద నిలబెట్టడం అంటారు. ఏ పని చేయాలో మనిషి ఇష్టమూ, నేర్పూ నిర్ణయించడం లేదు, పుట్టుక నిర్ణయిస్తోంది. ఈ తేడా ఒక్కటి మనసుకు పట్టినా పుస్తకం చదివిన ఫలం దక్కినట్లే.

మూడోది మతం. సహపంక్తి భోజనాలు చాలవు, కులాంతర వివాహాలు కావాలి అంటారాయన. అయితే అవి ఎందుకు జరగడం లేదు? జనం చెడ్డవాళ్లని కాదు. శాస్త్రం చెప్పింది గనక పాటిస్తున్నామని నమ్మే భక్తులు గనక. కాబట్టి ఆ నమ్మకాన్నే కదిలించాలి అంటారు. నియమం వేరు, సూత్రం వేరని కూడా వివరిస్తారు. నియమం ఇలా చెయ్యి అని ఆజ్ఞాపిస్తుంది. సూత్రం ఎలా ఆలోచించాలో చెప్పి, చేసినదానికి బాధ్యత మన మీదే పెడుతుంది. మతం సూత్రాల మీద నిలవాలని, పౌరోహిత్యం వంశపారంపర్యంగా కాక పరీక్ష ద్వారా రావాలని ఆయన సూచన.

నాలుగోది తత్వం. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మీద నిలిచిన సంఘం తన ఆదర్శమంటారు. ప్రజాస్వామ్యం ఓట్ల లెక్క మాత్రమే కాదు, కలిసి బతికే తీరు అని చెబుతారు.

ఇప్పుడు రెండోవైపు చూద్దాం. గాంధీజీ 1936 జూలైలో తన 'హరిజన్' పత్రికలో ఈ ఉపన్యాసాన్ని సమీక్షించారు. సంస్కర్త ఎవరూ దీన్ని విస్మరించడానికి వీల్లేదన్నారు. వెల తగ్గించి రెండణాలకో నాలుగణాలకో అమ్మమని సలహా కూడా ఇచ్చారు. తన అభిప్రాయంతో విభేదించిన పుస్తకాన్ని ఇంకా ఎక్కువమంది చదవాలని కోరడంలోని పెద్దరికం గమనించండి. ఆ తరవాత తన వాదం వినిపించారు. కులానికీ మతానికీ సంబంధం లేదు, వర్ణం వేరు, కులం వేరు, ఏ మతాన్నైనా దానిలోని ఉత్తములను బట్టి తూచాలి అన్నారు. చైతన్యుడు, తుకారాం, తిరువళ్లువర్, రామకృష్ణ పరమహంస వంటి వారిని చూపించారు.

అంబేడ్కర్ ఆ సమీక్షనూ తన జవాబునూ కలిపి రెండో ముద్రణలో వేశారు. సాధుసంతులు దేవుడి ముందు మనుషులంతా సమానమన్నారు గాని, మనిషికీ మనిషికీ మధ్య సమానత్వం కోసం పోరాడలేదని ఆయన వాదన. ఈ మాట మనల్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. మన వేమన కులాన్ని ఎంత గట్టిగా ఎద్దేవా చేశాడో మనకు తెలుసు. ఆయన పద్యాలు తరతరాలుగా పిల్లలకు కంఠస్థం చేయించాం. మరి ఊరు, వాడ ఒకటయ్యాయా? పద్యం నాలుక మీద ఉంది, కులం నట్టింట్లో ఉంది. అంబేడ్కర్ మాటతో మీరు ఏకీభవించకపోవచ్చు. అయితే మీ జవాబు ఏమిటో చెప్పుకోవలసి వస్తుంది. విచార గ్రంథం చేసే పని ఇదే.

వాదాలు వృథా అనుకోకండి. తరవాతి కాలంలో గాంధీజీ హరిజనులకూ సవర్ణులకూ మధ్య వివాహాలను గట్టిగా ప్రోత్సహించారు. మన నాస్తికోద్యమ నాయకుడు గోరా తన పెద్ద కుమార్తెకు దళిత యువకుడితో పెళ్లి తలపెడితే, అది సేవాగ్రాం ఆశ్రమంలో జరిపిద్దామన్నారు. గాంధీజీ హత్య తరవాత, 1948 మార్చిలో, ఆ పెళ్లి సేవాగ్రాంలోనే జరిగింది. ఆస్తికుడి ఆశ్రమంలో నాస్తికుడి ఇంటి పెళ్లి. మనుషులు తమ అభిప్రాయాలను కదలనిచ్చారు గనక అది సాధ్యమయింది.

ఇక మన సంగతి. కోలారులోనో, బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, సిరోంచలోనో ఉన్న మనం చుట్టూ వేరే భాష మాట్లాడేవారి మధ్య తెలుగువాళ్లం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చూపించి, మా పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో కావాలని ప్రభుత్వాలను అడుగుతున్నాం. అది న్యాయమైన కోరిక. సంఖ్యలో తక్కువైనంత మాత్రాన చిన్నచూపు చూడకండి అంటున్నాం. అదే గొంతుతో మన ఇంటి గుమ్మం దగ్గర కూడా మాట్లాడుతున్నామా? ఉగాది సభలో తెలుగువాళ్లమంతా ఒకటి అని చప్పట్లు కొట్టి, భోజనాల దగ్గర, పెళ్లి సంబంధాల దగ్గర, చివరికి శ్మశానం దగ్గర ఎవరికి వాళ్లం అయిపోతే, మనం అడిగే సమానత్వానికి బలం ఎక్కడినుంచి వస్తుంది?

అందుకే ఒక చిన్న మనవి. ఇలాంటి పుస్తకం చేతికి వచ్చినప్పుడు ఒక వాదాన్ని చదివి ఊరుకోకండి. ఎదుటి వాదాన్ని కూడా పక్కన పెట్టుకుని చదవండి. రచయిత జరిగిందని చెబుతున్నది ఏది, జరగాలని కోరుతున్నది ఏది అని విడదీసి చూడండి. మనసు నొచ్చిన చోట పుస్తకం మూసెయ్యకండి, అక్కడ మరోసారి చదవండి. మీ పిల్లలు కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చదువుతూ తెలుగు అక్షరాలకు దూరమై ఉంటే, రోజూ రెండు పుటలు మీరే పైకి చదివి వినిపించండి. ఉపన్యాసంగా రాసినది గనక ఈ పుస్తకం చెవికి బాగా అందుతుంది.

లాహోరులో ఆ రోజు వినడానికి మనుషులు దొరకలేదు. మీ వసారాలో నలుగురు కూర్చుంటే చాలు, ఆ ఆగిపోయిన సభ మీ ఇంట్లో జరుగుతుంది.